కిరీటం చేసిందెవరు?

"ఇదంతా ఎందుకండీ, ఆన్‌లైన్‌లో ఇరవై డాలర్లు పారేస్తే వచ్చేస్తుందిగా!"

ఈ దేశం వచ్చిన ఇరవై రెండేళ్ళలో ఈ మాట చాలా వాటి గురించి విన్నాను. ఆవకాయ గురించి విన్నాను, మట్టి వినాయకుడి గురించి విన్నాను, పిల్లల సైన్సు ప్రాజెక్టు గురించి కూడా విన్నాను. ఎప్పుడూ కోపం రాలేదు. నిజం చెప్పొద్దూ, సగం సార్లు ఆ మాట అన్నవాణ్ణి నేనే. ఈసారి మాత్రం వచ్చింది. రాత్రి పన్నెండింటికి క్లయింటు పని పక్కన పెట్టి ఇది రాస్తున్నానంటే ఎంత వచ్చిందో మీరే ఊహించుకోండి. కాస్త పొడుగు వ్యవహారం, కాఫీ కలుపుకుని కూచోండి.

మాది మిడ్‌వెస్ట్‌లో ఓ మోస్తరు ఊరు. పేరు చెప్పను. చెప్తే వచ్చే ఉగాది పాట్‌లక్‌లో నన్ను పులిహోర ఛాయలకి కూడా రానివ్వరు. 2023 దసరాకి మా సంఘం వాళ్ళు శ్రీకృష్ణ రాయబారం వేద్దామన్నారు. మొత్తం నాటకం కాదు లెండి, ఒక పడకసీనూ, ఒక సభ సీనూ. తిరుపతి వెంకట కవుల పద్యం గుక్క తిప్పుకోకుండా పాడగలిగినవాళ్ళు మా ఊళ్ళో ఇద్దరే ఇద్దరు. ఒకాయన గుండె డాక్టరు, రెండో ఆయన డేటాబేసులు చూస్తారు. డాక్టరు గారు కృష్ణుడు, డేటాబేసు దుర్యోధనుడు. నాకు రాగం రాదు, మీసం రాదు, కాబట్టి ప్రాంప్టింగు ఇచ్చారు.

డ్రెస్సులు ఇండియా నుంచి తెప్పించారు. పెట్టె విప్పేసరికి నాటకానికి మూడు వారాలుంది. బట్టలు బాగానే ఉన్నాయి. కిరీటాలే కొంప ముంచాయి. ఒకటి దార్లో నలిగి అప్పడమయిపోయింది. కృష్ణుడిది మాత్రం చెక్కు చెదరలేదు, మా వంటింటి తూకం మీద పెడితే కిలోన్నర తూగింది. డాక్టరు గారి నెత్తిన పెడితే జారి ముక్కు మీద ఆగింది. దూది కుక్కి నిలబెట్టారు. అప్పుడు అసలు చిక్కొచ్చింది. పడకసీనులో కృష్ణుడు పడుకోవాలి కదా? పడుకోగానే కిరీటం వెనకాల ఉన్న ప్రభ దిండుకి తన్ని, ముందు భాగం లేచి, స్వామి వారు నిద్ర నటిస్తున్నట్టు కాక పళ్ళ డాక్టరు కుర్చీలో ఉన్నట్టు కనిపించారు.

అప్పుడు మా అమ్మాయి, రిహార్సల్ గదిలో ఓ మూల హోంవర్కు చేసుకుంటున్నది, తలెత్తి "నాన్నా, నేను చెయ్యనా?" అంది.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. మా అమ్మాయికి అప్పుడు పదహారేళ్ళు. ఎనిమిదో క్లాసులో ఉండగా మొదలైంది ఈ పిచ్చి. హేలో అని ఒక వీడియోగేము ఉంది, అందులో మాస్టర్ చీఫ్ అని ఒక సైనికుడు. ఆయన శిరస్త్రాణం కాయితంతో చేస్తానని కూచుంది. పెపకురా అని జపాన్ వాళ్ళ సాఫ్టువేరు ఒకటుంది. ఆ మాటకి అర్థమే పేపర్ క్రాఫ్ట్. కంప్యూటర్లో ఉన్న త్రీడీ బొమ్మని విప్పదీసి, చదును ముక్కలుగా పరిచి, ఏ అంచు ఏ అంచుకి అతకాలో నంబర్లు వేసి ఇస్తుంది. మందపాటి కాయితం మీద ప్రింటు తీసి, కత్తిరించి, మడిచి, నంబరు చూసి నంబరుకి అంటించుకుంటూ పోతే తలకాయంత టోపీ తయారవుతుంది. కొందరు దానికి రెజిన్ పూసి, లోపల ఫైబర్‌గ్లాసు గుడ్డ అంటించి గట్టిపరుస్తారు. మా ఆవిడ ఆ వాసనలు ఇంట్లో వద్దంది. దాంతో అమ్మాయి ఫోముకి మారింది. జిమ్ముల్లో నేల మీద పరుస్తారు చూడండి, ఒకదానిలో ఒకటి ఇరుక్కునే నల్ల పలకలు, అదే.

అప్పుడు నేనేమన్నానో తెలుసా? "ఇదంతా టైమ్ వేస్టు, ఆ గంటలు మ్యాథ్స్ మీద పెట్టు" అన్నాను. అక్షరాలా అన్నాను. ఈ టపాలో నేను తిట్టబోయేవాళ్ళ జాబితా తయారుచేస్తే మొదటి పేరు నాదే ఉండాలి.

సరే, మ్యాథ్స్ అన్నాను కదా, ఆ గరాజులో జరిగిన మ్యాథ్స్ చెప్తాను వినండి.

డాక్టరు గారిని మా ఇంటికి పిలిపించింది. కుర్చీలో కూచోబెట్టి తలకి ప్లాస్టిక్ కవరు చుట్టింది, దాని మీద టేపు వరసలు వరసలుగా అంటించింది. గుండె ఆపరేషన్లు చేసే మనిషి మంగలి ముందు పిల్లాడిలా కదలకుండా కూచున్నారు. టేపు మీద మార్కరుతో గీతలు గీసింది: నుదుటి మధ్య నుంచి మెడ దాకా ఒకటి, చెవి నుంచి చెవికి ఒకటి, ఇంకా చిన్నవి నాలుగైదు. తర్వాత జాగ్రత్తగా తీసి ఆ గీతల వెంబడి కత్తిరించింది. గుండ్రటి తల కాస్తా బల్ల మీద చదునుగా, పడవల్లాంటి ముక్కలుగా పరుచుకుంది.

"అన్ని ముక్కలెందుకమ్మా, రెండు చాలవా?" అన్నాను, పెద్ద తెలిసినట్టు.

"బత్తాయి తొక్క ఒక్క ముక్కలో వలిచి చదునుగా పరచగలవా నాన్నా?" అంది.

పరచలేను. ఎవరూ పరచలేరు. గుండ్రటి పైభాగాన్ని సాగదీయకుండా, చింపకుండా చదును చెయ్యడం అసాధ్యమని 1827లో గౌస్ మహాశయుడు నిరూపించాడు. ప్రపంచ పటంలో గ్రీన్‌లాండ్ అంత పెద్దగా ఎందుకు కనిపిస్తుందో, కిరీటానికి అన్ని ముక్కలు ఎందుకు కావాలో, రెండిటికీ కారణం అదే. ఈ సంగతి నేను ఇంజనీరింగులో చదివి, పరీక్ష రాసి, మర్చిపోయాను. మా అమ్మాయి చేత్తో పట్టుకుని నేర్చుకుంది.

ముక్కల్ని కాయితం మీదకి ఎక్కించి, కాయితం నుంచి ఫోము మీదకి దించింది. బట్ట కుట్టేటప్పుడు లోపలికి మడవడానికి అంగుళం వదుల్తారు. ఫోముకి అలా కుదరదు, అంచు అంచుకి సరిగ్గా ఆనాలి. పైగా పలకకి మందం ఉంటుంది కాబట్టి బ్లేడు నిలువుగా పెట్టి కోస్తే అతికినచోట నోరు తెరుస్తుంది. ఎంత వంపు కావాలో లెక్క చూసుకుని బ్లేడు ఏటవాలుగా పెట్టి కొయ్యాలి. కోతకోతకీ బ్లేడు సాన పెట్టాలి, లేకపోతే ఫోము తెగదు, పీకినట్టు చిరుగుతుంది. జిగురు రెండంచులకీ రాసి, చేతికి అంటనంత ఆరేదాకా ఆగి, అప్పుడు కలపాలి. ఒకసారి కలిపితే అంతే, మళ్ళీ సర్దుకోవడం లేదు. కలిపాక హీట్ గన్‌తో వెచ్చబెట్టి, మోకాలి మీద వంచి, చల్లారేదాకా అలాగే పట్టుకుంటే ఆ వంపు నిలుస్తుంది. వేడికి పైన ఉన్న సన్న రంధ్రాలు కూడా మూసుకుంటాయి, లేకపోతే వేసిన రంగంతా స్పాంజిలా తాగేస్తుంది. తర్వాత తెల్ల జిగురు నీళ్ళలో కలిపి నాలుగు పూతలు. ఆ పైన నల్ల రంగు, నల్ల రంగు మీద బంగారు రంగు. నేరుగా బంగారు రంగు వేస్తే ఆటబొమ్మలా ఉంటుందట. కింద నల్లగా ఉండి గీతల్లో మిగిలితేనే పాత లోహంలా కనిపిస్తుందట.

మూడు కిరీటాలు, ఒక గద, ఒక కవచం. కృష్ణుడి కిరీటం పావుకిలో కూడా లేదు. వెనక ప్రభ విడిగా, మెత్తటి ఫోముతో చేసింది, దిండుకి ఆనితే వంగుతుంది, లేస్తే మళ్ళీ నిలబడుతుంది. డాక్టరు గారు పడుకుని లేచి, మళ్ళీ పడుకుని లేచి, చిన్నపిల్లాడిలా నవ్వారు.

ఇప్పుడు మనవాళ్ళ వ్యాఖ్యానాలు చిత్తగించండి.

ఒక అంకుల్: "ఫోము కిరీటమా? కృష్ణ పరమాత్మకా? సంప్రదాయం అంటూ ఒకటుందిగా."

ఒక వదిన గారు: "ఎంత ఓపికో! మావాడికైతే టైమే ఉండదండీ, వాడికి అన్నీ ఏపీ క్లాసులు."

ఇంకో పెద్దమనిషి మా ఆవిడతో, గొంతు తగ్గించి: "ఆడపిల్లకి ఈ కత్తులూ గన్నులూ ఏమిటమ్మా? అయినా ఇవన్నీ మనం చేసుకునే పనులా?"

న్యాయంగా మాట్లాడింది ఒక్క మాస్టారు గారే. కొడుకు దగ్గరికి చుట్టపుచూపుగా వచ్చిన రిటైర్డు తెలుగు పండితులు. కవచం ఎవరికని అడిగారు. కర్ణుడికంది మా అమ్మాయి. "చాలా బావుందమ్మా, కానీ రాయబారం నాటికి కర్ణుడికి కవచం లేదు తల్లీ. అరణ్యపర్వంలోనే ఇంద్రుడు పట్టుకుపోయాడు" అన్నారు. మా అమ్మాయి నోరు తెరిచి, మూసి, "అవును తాతగారూ, ఎలా మర్చిపోయాను" అని ఆ రాత్రే కవచం పక్కలు విప్పి దుర్యోధనుడి కొలతకి మార్చేసింది. మొత్తం మూడు వారాల్లో ఆ పిల్ల చేసిన వస్తువు వంక చూసి మాట్లాడిన మనిషి ఆయనొక్కరే. మిగతావాళ్ళంతా ఆ పిల్ల వంక చూసి మాట్లాడారు.

నాటకం బ్రహ్మాండంగా జరిగింది. ఒన్స్‌మోర్లు కూడా పడ్డాయి. చివర్లో స్టేజి మీద అందరికీ శాలువాలు. కృష్ణుడికి, దుర్యోధనుడికి, హార్మోనియం ఆయనకి, సమోసాలు స్పాన్సర్ చేసిన రియల్ ఎస్టేట్ ఆయనకి, ఆఖరికి ప్రాంప్టరుకి కూడా. కరపత్రంలో అరవై పేర్లున్నాయి, పార్కింగు చూసినవాళ్ళతో సహా. కిరీటాల సంగతి మాత్రం ఎక్కడా లేదు. అడిగితే "అయ్యో, అమ్మాయి సరదాకి చేసింది కదండీ" అన్నారు. నేను ఆ శాలువా కప్పుకుని, అవును సరదాకే అన్నట్టు నవ్వాను. అదీ నా ధైర్యం.

2024 ఉగాదికి మళ్ళీ ఏదో సీను వేద్దామని ఫోను చేశారు. "ఆ ఫోము సామాను స్టోరేజీలో చోటు లేక పారేశామండీ. మీ అమ్మాయిని మళ్ళీ చెయ్యమనండి, తనకి ఎలాగూ సరదాగా!" ఇండియా నుంచి వచ్చిన కిలోన్నర కిరీటం, ఎవరి తలకీ పట్టనిది, బబుల్‌రాప్ చుట్టి భద్రంగా ఉంచారు. దానికి బిల్లుంది కదా మరి! అమ్మాయికి సెలవు లేదు, కుదరదన్నాను. అప్పుడొచ్చింది ఇరవై డాలర్ల డైలాగు.

ఇప్పుడు ఒక్కొక్కళ్ళకీ జవాబు చెప్తాను.

మొదట సంప్రదాయం అంకుల్‌కి. అయ్యా, మీరు సంప్రదాయం అన్నారు కాబట్టి భరతముని దగ్గరికే పోదాం. నాట్యశాస్త్రానికి పోణంగి శ్రీరామ అప్పారావు గారి తెలుగు పుస్తకం ఉంది, 1960లో దానికి సాహిత్య అకాడెమీ బహుమతి కూడా వచ్చింది. అందులో ఆహార్యాభినయం అధ్యాయం తెరవండి. రంగస్థలం మీద వాడే వస్తువుల తయారీకి పుస్తం అని ఒక విభాగమే ఉంది. చాపలు, బట్టలు, తోళ్ళు కలిపి కుట్టి చేసేది సంధిమం, యంత్రంతో ఆడేది వ్యాజిమం, చుట్టి చేసేది వేష్టిమం. ఆయుధాలు ఇనుముతో చెయ్యొద్దు, బరువుకి నటుడు అలిసిపోతాడు అన్నాడు. నగలు కూడా నిజం బంగారం వద్దు, మోయలేక మూర్ఛపోతాడు, లక్కతో చెయ్యి అన్నాడు. మైనం, అభ్రకం వాడమన్నాడు. శిరోవేషాలకి గుడ్డ మీద మారేడు గుజ్జు పట్టించి, బూడిదో ఊకో కలిపి, ఎండలోనో నిప్పు సెగనో ఆరబెట్టమన్నాడు. గుడ్డ తీసి కాయితం పెట్టండి, మారేడు గుజ్జు తీసి జిగురు పెట్టండి, నిప్పు సెగ తీసి హీట్ గన్ పెట్టండి. మా గరాజే! భరతముని కాలంలో ఫోము దొరికుంటే ఆ అధ్యాయంలో దానికి రెండు శ్లోకాలు తప్పకుండా పడేవి. కిలోన్నర కిరీటమే శాస్త్రవిరుద్ధం అంకుల్.

అంత పాతకాలం అక్కర్లేదంటే మన కొండపల్లి చూడండి. తెల్ల పొణికి కర్రతో ముక్కలు చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. చేర్యాల మాస్కులకీ అదే చింతగింజల జిగురు. తేలికైన సరుకు, చవకైన జిగురు, దూరానికి మెరిసే రంగు. మన సంప్రదాయం అంటే ఇదే. బరువు కాదు.

తర్వాత ఏపీ క్లాసుల వదిన గారికి. వదిన గారూ, గౌస్ సంగతి పైన చెప్పాను. కొలత తప్పితే ఏమవుతుందో మా అమ్మాయికి తెలుసు, పలక దండగవుతుంది, పన్నెండు డాలర్లు పోతాయి. నేను పాతికేళ్ళుగా సాఫ్టువేరు రాస్తున్నాను. నేను కొలత తప్పితే "నెక్స్ట్ రిలీజులో చూద్దాం" అంటాను. మా ఇద్దర్లో ఎవరిది ఇంజనీరింగో మీరే చెప్పండి. కాలేజీ అప్లికేషన్ కోసం పిల్లల చేత ఎన్జీవోలు పెట్టిస్తున్నాం కదా, తను ఇష్టపడి నిద్ర మానుకుని చేసే పనికి మాత్రం టైమ్ వేస్టని పేరు పెడతామా?

కత్తుల పెద్దమనిషి గారి మాటలో సగం నిజముంది, ఒప్పుకుంటాను. ఇది పూలదండ కాదు. బ్లేడు జారితే వేలు తెగుతుంది. ఆ జిగురు ఆవిర్లు తలకెక్కుతాయి, నిప్పు దగ్గరుంటే అంటుకుంటాయి. ఫోము కాలినా, అరగదీసినా ఆ పొగా, ఆ దుమ్మూ పీల్చకూడదు. అందుకే గరాజు తలుపు ఎత్తి పెట్టాలి, కళ్ళద్దాలుండాలి, ముక్కుకి ఆవిర్లు ఆపే ఫిల్టరున్న మాస్కుండాలి, మామూలు గుడ్డ మాస్కు పనికిరాదు. పెద్దవాళ్ళు దగ్గరుండాలి. ఉన్నాను. రెండేళ్ళు ఆలస్యంగా అయినా ఉన్నాను. ఆ మాటకొస్తే ఆడపిల్ల అని ఎందుకొచ్చింది? బ్లేడుకి ఆడా మగా తెలియదు కదా.

ఇక ఆయన రెండో సగం. "ఇవన్నీ మనం చేసుకునే పనులా?" ఇందులో "మనం" అంటే ఎవరండీ?

నాకు తెలుసు, మీకూ తెలుసు, ఆ గదిలో అందరికీ తెలుసు. చేత్తో చేసే పనికి మన దేశంలో ఒక కులం పేరుంటుంది. కర్రకొకరు, తోలుకొకరు, లోహానికొకరు. చెయ్యడం వాళ్ళ పని, పెట్టుకోవడం మన పని. సముద్రం దాటొచ్చాం, వీసాలు మారాయి, పాస్‌పోర్టులు మారాయి, ఈ లెక్క మాత్రం సూట్‌కేసులో అడుగున పడుకుని మనతోనే వచ్చింది. కాఫీ మగ్గు విరిగితే అతికించుకోవడం రాదని గర్వంగా చెప్పుకునే జాతి మనది. ఇక్కడి పక్కింటాయన గరాజులో సొంతంగా పడవ చేసుకుంటుంటే "వీళ్ళకి పనీపాటా లేదు" అని నవ్వుకుంటాం.

నన్ను నేను బోనులో నిలబెట్టుకుంటాను. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు శ్రీరామనవమి పందిట్లో రాయబారం పెట్టించేవాళ్ళు. షణ్ముఖి ఆంజనేయరాజు గారు, పీసపాటి నరసింహమూర్తి గారు, ఎ.వి. సుబ్బారావు గారు, ఈ కృష్ణుళ్ళ పేర్లు మా తాతయ్య దేవుళ్ళ పేర్లలా చెప్పేవాడు. డ్రెస్సులు అద్దెకి తెచ్చే ఒక ముసలాయన ఉండేవాడు. రేకు పెట్టెలు దించుకుని, పందిరి వెనక చాప మీద కూచుని, దారిలో దెబ్బతిన్న కిరీటాలు బాగుచేసుకునేవాడు. పాత పేపరు ముక్కలు చింపి, మైదా జిగురులో ముంచి, పొర మీద పొర వేసేవాడు. పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం కలిపేవాడు. ఆరాక కాకిబంగారం అంటించి, అద్దం బిళ్ళలు అద్దేవాడు. నేను రాత్రి నాటకం కంటే పగలు ఆయన్నే ఎక్కువ చూశాను. ఓసారి నా తలకి ఒక కిరీటం పెట్టి, "రాజుగారూ, కదలమాకండి, ఇంకా తడారలా" అన్నాడు. ఆ చల్లదనం ఇప్పటికీ నెత్తి మీద ఉంది.

భోజనాలప్పుడు వేషగాళ్ళకి మా ఇంటి వసారాలో విస్తళ్ళు వేసేవాళ్ళు. ఆయనకి పందిరి వెనక్కే పంపేవాళ్ళు. ఎందుకని నేను అడగలేదు.

ముగ్గురు కృష్ణుల పేర్లు నలభై ఏళ్ళ తర్వాత తడుముకోకుండా రాశాను చూశారా? ఆ ముసలాయన పేరు నాకు తెలియదు. ఎప్పుడూ తెలియలేదు. "కిరీటాలాయన" అనేవాళ్ళం, అంతే. 2023 దసరా కరపత్రంలో మా అమ్మాయి పేరు లేదని నాకు ఇంత మండింది కదా, ఆ ముసలాయన పేరు ఏ కరపత్రంలోనూ లేదని నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా తట్టలేదు. నా ఇంటిదాకా వస్తే గానీ నొప్పి తెలియలేదు.

అమెరికా వాళ్ళేదో గొప్పవాళ్ళని చెప్పడం నా ఉద్దేశం కాదు. పేరు మింగెయ్యడం వాళ్ళకీ వచ్చు. 1939లో న్యూయార్కులో మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సభ జరిగింది. ఫారెస్ట్ ఏకర్‌మన్ అనే ఆయన భవిష్యత్తు మనిషి వేషంలో వచ్చాడు, ఆ కాస్ప్లే సంబరాలన్నిటికీ ఆద్యుడని ఆయన్ని పొగుడుతూ ఉంటారు. ఆ వేషం ఊహించి కుట్టింది ఆయనతో పాటు తనూ వేషం కట్టి వచ్చిన మర్టిల్ డగ్లస్ అనే ఆవిడ. ఆవిడ పేరు చాలామంది ఆలస్యంగానే తెలుసుకున్నారు. కానీ ఇప్పుడు వాళ్ళ దగ్గర ఒక మంచి అలవాటుంది. 1997లో మొదలైన ఐదువందల ఒకటో లీజియన్ అని స్టార్ వార్స్ వేషగాళ్ళ దండు ఉంది. కవచం పెట్టుకుని పిల్లల ఆసుపత్రులకి వెళ్తారు, విరాళాలు పోగుచేస్తారు. చేరాలంటే వేషం కొలతల ప్రకారం ఉండాలి, పరీక్షించి గానీ చేర్చుకోరు. అమ్మాయిని ఇలాంటి వేషాల సంబరం ఒకదానికి తీసుకెళ్తే, ఎదురైన ప్రతివాడూ అడిగిన మొదటి ప్రశ్న ఒకటే: "నువ్వే చేశావా?" రెండో ప్రశ్న: "ఈ అతుకు ఎలా కనపడకుండా చేశావు?" మా ఊళ్ళో మూడు వారాల్లో ఎవరూ అడగని ప్రశ్నలు అవి.

నేనడిగేది పెద్ద కోరికేం కాదు. మీ ఊళ్ళో నాటకం వేస్తే కరపత్రంలో కృష్ణుడి పేరు కిందే కిరీటం చేసినవాళ్ళ పేరు వెయ్యండి. కొనితెస్తే, కొన్న కొట్టు పేరు కాదు, చేసిన మనిషి పేరు కనుక్కుని వెయ్యండి, ఒక్క ఫోను కాలే కదా. సమోసాలకి పెట్టిన ఖర్చులో పదో వంతు ఫోముకి, జిగురుకి, మంచి మాస్కుకి పెట్టండి. చేసిన వస్తువుని బబుల్‌రాప్‌లో చుట్టండి. ఇరవై డాలర్లకి వచ్చేదాన్ని కొనుక్కోండి, నాకేం అభ్యంతరం లేదు, అవసరానికి నేనూ కొంటాను. కానీ మూడు వారాల రాత్రుల పక్కన ఆ ఇరవై పెట్టి తూచకండి.

మా అమ్మాయి సంగతంటారా? పారేసిన రోజు ఏమీ అనలేదు. "టెంప్లేట్లు ఉన్నాయిలే నాన్నా" అని కాయితాల ఫైలు తీసి చూపించింది. ప్రతి ముక్క మీదా నంబరు, తేదీ, ఎవరి తలకో రాసి ఉంది. నిజమే, టెంప్లేటు ఉంటే కిరీటం మళ్ళీ పుడుతుంది. ఆ ముసలాయనకి టెంప్లేట్లు లేవు, అన్నీ చేతుల్లోనే ఉండేవి.

ఇంకొక్క మాట. మీలో ఎవరిదైనా తెనాలి, రేపల్లె, బాపట్ల వైపైతే, 1980ల్లో రేకు పెట్టెలతో డ్రెస్సులు తెచ్చే ముసలాయన, కుడిచేతి బొటనవేలికి ఎప్పుడూ జిగురు అంటుకుని ఉండేది, ఆయన పేరు మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరికైనా గుర్తుందేమో అడగండి. తెలిస్తే కింద రాయండి. పేరొక్కటి చాలు.